మెనోపాజ్ క్లినిక్‌లో డాక్టరమ్మకి పూర్తి మార్కులు, ప్యాకేజీకి సున్నా

విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు ‘మెనోపాజ్ క్లినిక్’ అని, అంటే నెలసరి ఆగిపోయే దశలో ఉన్న ఆడవాళ్ళ కోసం, విడిగా ఒక విభాగం పెట్టారు. నేనూ మా అప్పా (అక్క) కొన్ని నెలలుగా అక్కడే చూపించుకుంటున్నాం. నా తీర్పు ముందే చెప్పేస్తాను. డాక్టరమ్మ కోసమైతే నిక్షేపంగా వెళ్ళండి. బయట బల్ల దగ్గర అంటగట్టే ప్యాకేజీ కోసమైతే మాత్రం వద్దు, ఆ డబ్బు పెడితే ఇంటిల్లిపాదికీ ఏడాదికి సరిపడా చోళ్ళూ (రాగులు) నువ్వులూ వస్తాయి. ఆసుపత్రి పేరు రాయడం లేదు. మేం ఇంకా అక్కడికే వెళ్ళాలి, ఇందులో తిట్లు కూడా ఉన్నాయి. ఇలాంటి క్లినిక్‌లు ఇప్పుడు పెద్ద ఊళ్ళలో తెరుస్తున్నారు కాబట్టి మీరు ఎక్కడికి వెళ్ళినా పనికొస్తుందని రాస్తున్నాను.

నాది విజయనగరం. పోస్టాఫీసులో కౌంటర్ పని, వయసు 47. మా అప్పది పలాస దగ్గర పల్లె, 52 ఏళ్ళు, జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. నా బాధలు చెప్పుకోవడానికి చిన్నవే. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తుంది, మళ్ళీ నిద్ర పట్టదు. ఉన్నట్టుండి గుండె దడ. కుడి భుజం పట్టేసి పై అరలో ఉన్న రిజిస్టర్ అందుకోలేను, జాకెట్టు హుక్ పెట్టుకోలేను. నెలసరి ఒక నెల వస్తే రెండు నెలలు కనిపించదు. దడకి గుండె డాక్టరు, భుజానికి ఎముకల డాక్టరు, నిద్రకి మా వీధి చివర డాక్టరు. ఈసీజీ బాగుందన్నారు, ఎక్స్‌రే బాగుందన్నారు, టెన్షన్ తగ్గించుకోమన్నారు. టెన్షన్ తగ్గించుకోమని చెప్పడానికి కూడా ఫీజు తీసుకుంటారు.

అప్ప సంగతి వేరు. పోయిన వానాకాలంలో కొళాయి దగ్గర జారి చెయ్యి ఆనించింది, మణికట్టు విరిగింది. నిలుచున్న ఎత్తు నుంచి పడితే ఎముక విరగడమేమిటని కట్టు కట్టిన డాక్టరుకే అనుమానం వచ్చింది. ఆయనే ‘ఎముకల సాంద్రత పరీక్ష చేయించండి, ఆడవాళ్ళ డాక్టరుకి కూడా ఒకసారి చూపించండి’ అన్నాడు. అలా ఇద్దరం కలిసి బయల్దేరాం, మా బావ తోడు.

ముందు తిట్లు. దరఖాస్తు కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంది. అప్పకి తెలుగు చదవడం వచ్చు, కానీ ఆ కాగితంలో ఒక్క తెలుగు ముక్క లేదు. బల్ల దగ్గర అమ్మాయి నిండు హాల్లో, పదిమంది మగవాళ్ళ మధ్య, ‘మూత్రం లీక్ అవుతుందా మేడం? దగ్గితే అవుతుందా, నవ్వితే అవుతుందా?’ అని గట్టిగా అడిగింది. అప్ప అసలు ఏమీ లేదని చెప్పేసింది. ఏమీ లేకపోతే పలాస నుంచి రైలెక్కి ఎందుకొచ్చామో! బాత్రూమ్ కింది అంతస్తులో, వరండా చివర ఉంది. వచ్చేవాళ్ళలో సగం మందికి మూత్రం ఆపుకోలేని బాధ ఉండే క్లినిక్‌కి బాత్రూమ్ ఎక్కడ ఉండాలో ఆలోచించిన మనిషి ఆ ఆసుపత్రిలో లేడు. పదిన్నరకి అపాయింట్‌మెంట్ ఇచ్చి ఒంటిగంటకి పిలిచారు.

లోపలికి వెళ్ళాక ఇదంతా మర్చిపోతారు. డాక్టరమ్మ ముందు బావని బయట కూర్చోమంది, మర్యాదగానే. తర్వాత అప్పని కుర్చీలో కూర్చోబెట్టి తల దగ్గర మొదలుపెట్టి కాళ్ళ దాకా ఒక్కొక్కటే అడిగింది. తలనొప్పి ఉందా, నిద్ర ఎలా పడుతుంది, మతిమరుపు, కళ్ళు పొడిబారడం, దడ, ఆవిర్లు, కీళ్ళు, నడుము, మూత్రంలో మంట, కాపురంలో నొప్పి, చర్మం దురద. హాల్లో ‘ఏమీ లేదు’ అన్న మనిషి ఇక్కడ దాదాపు అన్నిటికీ ఉందంది. ఏడాదిలో ఎన్నోసార్లు మూత్రంలో మంట వస్తే ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్ మింగుతోందన్న సంగతి నాకే తెలియదు.

‘గర్భసంచి ఆపరేషన్ ఎప్పుడు అయింది?’ అని అడిగింది. 33వ ఏట అని చెప్పింది అప్ప. తెల్లబట్ట అవుతోందని వెళితే, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుందని భయపెట్టారు. పొలం కుదువపెట్టి ఆపరేషన్ చేయించారు. ‘గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా?’ అంది డాక్టరమ్మ. అప్ప నా మొహం చూసింది. నేను బావని కేకేశాను. ఆయన పాత కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో పట్టుకొచ్చాడు, ఆధార్ కార్డు జిరాక్సులతో సహా. అందులో అప్పటి డిశ్చార్జి కాగితం దొరికింది. చేతిరాతలో ‘టీఏహెచ్ విత్ బీఎస్ఓ’ అని ఉంది. టీఏహెచ్ అంటే పొట్ట కోసి గర్భసంచి తీయడం. డాక్టరమ్మ చివరి మూడక్షరాల మీద పెన్ను పెట్టి, బీఎస్ఓ అంటే రెండు వైపులా అండాశయాలు, గొట్టాలు తీసేయడం అని చెప్పింది. పందొమ్మిదేళ్ళుగా తన ఒంట్లో ఏమి లేదో మా అప్పకి తెలియదు. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకే ఒళ్ళంతా ఆవిర్లు, కారణం లేని ఏడుపు మొదలైతే, ఆపరేషన్ నీరసం అని అందరూ పాలూ గుడ్లూ పెట్టారు.

ఇది మా ఒక్క ఇంటి కథే కాదు. 2015–16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తంమీద వందకి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. మా అప్ప వీధిలో లెక్కపెడితే ఇంకా ఎక్కువే తేలతారు.

డాక్టరమ్మ చెప్పినదాన్ని నాకు అర్థమైనట్టు రాస్తాను. పిల్లలు పుట్టడం ఆగిపోయాక అండాశయాలతో పని లేదనుకుంటాం. కానీ అవి తయారుచేసే ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌కి గర్భసంచి ఒక్కటే చిరునామా కాదు. ఎముకల్లో, రక్తనాళాల గోడల్లో, మెదడులో, చర్మంలో, మూత్రనాళంలో, కీళ్ళలో అన్నిచోట్లా దాన్ని అందుకునే రిసెప్టర్లు ఉన్నాయి. మన దేశంలో నెలసరి దానంతట అది ఆగే వయసు సగటున 46 దాటి ఉంటుంది. అలా మెల్లగా తగ్గితే ఒంటికి కాస్త అలవాటు పడే వ్యవధి దొరుకుతుంది. అండాశయాలు నెలసరి ఆగాక కూడా కొన్ని హార్మోన్లను కొద్దికొద్దిగా ఇస్తూనే ఉంటాయి. ఆపరేషన్‌తో తీసేస్తే ఉదయం ఉన్నది సాయంత్రానికి ఉండదు. 45 ఏళ్ళలోపు అలా తీయాల్సి వస్తే, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకి ఏదీ లేనప్పుడు, మామూలుగా నెలసరి ఆగే వయసు వచ్చేదాకా ఆ హార్మోన్‌ని మందుగా ఇవ్వాలన్నది వైద్యులు పాటించాల్సిన పద్ధతేనట. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు ఇలాంటి ఆడవాళ్ళను ఏళ్ళ తరబడి గమనిస్తే, చిన్న వయసులో రెండు అండాశయాలూ పోయి హార్మోన్ తీసుకోనివాళ్ళలో గుండెజబ్బు చావులు ఎక్కువగా కనిపించాయి. మా అప్పకి ఆ రోజు ఇచ్చిన కాగితంలో ఐరన్ మాత్రలు, ‘బరువులు ఎత్తరాదు’ అన్న మాట తప్ప ఇంకేమీ లేవు.

అప్పకి ఒక సందేహం వచ్చింది. ‘చిన్నప్పట్నుంచి మోతలు మోసినదాన్ని డాక్టరమ్మా, నా ఎముకలకేటి?’ అంది. డాక్టరమ్మ నవ్వలేదు, మంచి ప్రశ్న అంది. ఎముక ఒకసారి కట్టి వదిలేసిన గోడ కాదు. పాత గోడ కొట్టే కూలీలూ, కొత్తది కట్టే మేస్త్రీలూ అందులో రోజూ పనిచేస్తూనే ఉంటారు. బరువు మోస్తే మేస్త్రీలకి హుషారు. కానీ కొట్టేవాళ్ళని ఇంక చాలు దిగండి అని చెప్పేది ఈస్ట్రోజన్. అది లేకపోతే వాళ్ళు కొట్టుకుంటూనే పోతారు, కట్టేవాళ్ళు అందుకోలేరు. ముప్పై ఏళ్ళ వయసుకల్లా ఎముక బలం గరిష్ఠానికి చేరుతుంది. ఆ తర్వాత ఉన్నదాన్ని కాపాడుకోవడమే. నెలసరి ఆగిన మొదటి అయిదేళ్ళలోనే పదో వంతు దాకా పోవచ్చు. మా అప్పకి ఆ నష్టం ముప్పై మూడో ఏటే మొదలైంది.

ఎముకల సాంద్రత పరీక్ష, డెక్సా స్కాన్, ఈ ఆసుపత్రిలో నాకు నచ్చిన రెండో సంగతి. 2,800 తీసుకున్నారు. బల్లమీద కదలకుండా పడుకుంటే పావుగంటలో అయిపోయింది. ఎక్స్‌రేనే గాని రేడియేషన్ చాలా తక్కువట. ఒంటిమీద లోహం ఉండకూడదన్నారు. అప్ప మొహం మాడిపోయింది, సూత్రాలు తీయనంది. స్కాన్ తీసే అమ్మాయి ‘తీయక్కర్లేదమ్మా, నడుమూ తుంటీ కదా తీసేది, పైకి జరుపుకోండి చాలు’ అంది. ఈ పిల్లకి జీతం పెంచాలి.

వచ్చిన లెక్కని టీ స్కోర్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న యువతి ఎముకతో పోల్చి మనది ఎంత తక్కువో చెబుతుంది. మైనస్ 1 దాకా ఫర్వాలేదు, మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముక పలచబడుతున్నట్టు, మైనస్ 2.5కి చేరినా, ఇంకా కిందికి దిగినా ఆస్టియోపొరోసిస్, అంటే ఎముక గుల్లబారినట్టు. అప్పకి వెన్నులో మైనస్ 3.1, తుంటిలో మైనస్ 2.6. ఎత్తు కొలిచారు. పెళ్ళినాటికి నాకంటే అప్పే పొడవు, ఇప్పుడు నాకంటే కాస్త పొట్టి అయింది. వెన్ను ఎక్స్‌రే తీస్తే ఒక పూస ఎప్పుడో నలిగిపోయి ఉంది. నడుంనొప్పి అని ఏళ్ళ తరబడి తైలం రాసుకున్నది దాని మీదే.

అప్పటికి బావని లోపలికి పిలిచారు. ఆయనకి ఇదంతా ఆడవాళ్ళ గొడవ అనిపించినట్టుంది, ‘మగోళ్ళకి ఈ హార్మోనుతో పని ఉండదు కదండీ’ అన్నాడు. డాక్టరమ్మ ఊరుకోలేదు. మగవాళ్ళ ఒంట్లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ కొంత ఈస్ట్రోజన్‌గా మారుతుంది, వాళ్ళ ఎముకల్ని కూడా ఎక్కువగా కాపాడేది అదే. 1994లో అమెరికాలో ఒక మనిషి గురించి వైద్య పత్రికలో వచ్చింది. వయసు 28, ఎత్తు 204 సెంటీమీటర్లు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. టెస్టోస్టెరాన్ మామూలుగానే ఉంది. పుట్టుకతో వచ్చిన లోపం వల్ల అతని ఒంట్లో ఈస్ట్రోజన్ రిసెప్టర్ పనిచేయదు. దాంతో ఎముకల చివర్లు మూసుకోలేదు, ఆ వయసుకే ఆస్టియోపొరోసిస్. బావ ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు. రైల్లో మాత్రం తన ఎముకలు కూడా చూపించుకోవాలా అని నన్ను అడిగాడు.

అప్పకి ఇప్పుడు ఒంటికంతా పనిచేసే హార్మోన్ ఇవ్వలేదు. హార్మోన్లు ఆగిపోయిన పదేళ్ళలోపు, అరవై ఏళ్ళు నిండకముందు మొదలుపెడితే లాభం ఎక్కువ, ముప్పు తక్కువ. అప్ప విషయంలో మధ్యలో దాదాపు ఇరవై ఏళ్ళ ఖాళీ ఉంది, రక్తనాళాలు ఈలోగా ఎలా ఉన్నాయో, కొత్తగా మొదలుపెట్టి ముప్పు తెచ్చుకోవడం ఎందుకు అంది. ఎముకకి వారానికొక మాత్ర రాసింది, అలెండ్రొనేట్. పళ్ళ డాక్టరుకి ఒకసారి చూపించుకుని మొదలుపెట్టమంది. మూత్రంలో మంటకి లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ ఇచ్చింది. ఇది నాకు కొత్త సంగతి. ఈస్ట్రోజన్ ఉన్నంతకాలం యోని గోడల్లో ఒకరకం పిండిపదార్థం నిల్వ ఉంటుంది, దానిమీద మంచి బ్యాక్టీరియా బతికి అక్కడ ఆమ్లాన్ని తయారుచేస్తుంది, చెడ్డ క్రిములు నిలవలేవు. ఈస్ట్రోజన్ పోతే పొర పలచబడుతుంది, ఆమ్లం తగ్గుతుంది, మంట పదేపదే వస్తుంది. ఎన్ని యాంటీబయాటిక్‌లు వాడినా మూలం అలాగే ఉంటుంది. క్రీమ్ మందు రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ కాబట్టి అప్పకి ఇవ్వడానికి భయం లేదట. రాసుకోవడానికి సిగ్గుపడి మొదట్లో వాడలేదు, నేను ఫోన్లో తిట్టాక వాడింది. ఆ తర్వాత ఇప్పటిదాకా యాంటీబయాటిక్ అవసరం పడలేదు.

ఇక నా వంతు. నాకు ముందు థైరాయిడ్, రక్తం, షుగర్, కొలెస్ట్రాల్ చూసింది. దడకీ నిద్రలేమికీ థైరాయిడ్ కూడా కారణం కావచ్చు, పట్టేసిన భుజానికి షుగర్ కారణం కావచ్చు, అవి లేవని తేలాకే మిగతా మాట అంది. థైరాయిడ్ బాగుంది, షుగర్ లేదు. చెడు కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, రెండేళ్ళ కిందటి రిపోర్టు కంటే బాగా పెరిగింది. నా తిండి మారలేదు. ఈ వయసులో ఇలా పెరగడం మామూలేనట, ఈస్ట్రోజన్ ఉన్నప్పుడు కాలేయం దాన్ని రక్తంలోంచి బాగా లాగేస్తుంది. ఆడవాళ్ళకి గుండెజబ్బు మగవాళ్ళకంటే ఓ పదేళ్ళు ఆలస్యంగా రావడం వెనక ఇదొక కారణం. ఆ వెసులుబాటు నెలసరితోనే పోతుంది.

మూడింటి మెలకువ గురించి చెప్పింది నాకు బాగా గుర్తుండిపోయింది. ఈ వయసులో చాలా నెలలు అండం విడుదల కాదు. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోన్ తయారు కాదు. ఆ ప్రొజెస్టరాన్ ఒంట్లో ఇంకో పదార్థంగా మారి, మెదడులో కొన్ని నిద్రమాత్రలు పనిచేసే గాబా రిసెప్టర్ల మీదే పనిచేస్తుంది. అది తగ్గితే నిద్ర పలచబడుతుంది. దానికి తోడు మెదడులో ఒంటి వేడిని చూసుకునే కణాలు ఈస్ట్రోజన్ అదుపు తప్పి, కొంచెం వేడి పెరిగినా చెమట పట్టించేస్తాయి, గుండె వేగం పెంచేస్తాయి. హార్మోన్ పడనివాళ్ళ కోసం ఈ కణాలమీదే పనిచేసే ఫెజోలినెటాంట్ అనే మందుకి 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. నా టెన్షన్ అని అందరూ అన్నది ఇదన్నమాట. భుజానికి కూడా సంబంధం ఉండొచ్చంది. రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే లెట్రోజోల్ లాంటి మందులు ఒంట్లో ఈస్ట్రోజన్ తయారుకాకుండా ఆపుతాయి, అవి వాడే చాలామందికి కీళ్ళు పట్టేస్తాయి. అయితే భుజం మందుతో పోదు, ఫిజియోథెరపీ చేయాల్సిందే అని ఖరాఖండిగా చెప్పింది. అదే నిజమైంది.

హార్మోన్ మందు అనగానే నేను క్యాన్సర్ అన్నాను. మా ఆఫీసులో అందరి నోటా అదే. డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పింది. 2002లో అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ రకం హార్మోన్ రెండూ కలిపి ఇచ్చిన విభాగాన్ని మధ్యలో ఆపేశారు, ప్రపంచమంతా ఆ మందులు పారేసింది. ఆ ఆడవాళ్ళ సగటు వయసు 63. పదివేలమంది ఏడాదిపాటు వాడితే అదనంగా కనిపించిన రొమ్ము క్యాన్సర్లు ఎనిమిది. గర్భసంచి లేనివాళ్ళకి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన విభాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ముప్పు లేదనలేదు, అది ఎంతన్నది చెప్పింది. నాకు గర్భసంచి ఉంది కాబట్టి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తే దాని లోపలి పొర మందమై క్యాన్సర్‌కి దారితీయవచ్చు, అందుకే ప్రొజెస్టరాన్ తప్పనిసరి. అమ్మకి, పిన్నులకి రొమ్ము క్యాన్సర్ ఉందా, కాళ్ళలో రక్తం గడ్డకట్టిందా, బీపీ ఎంత అని అడిగి, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించి, అప్పుడు రాసింది. చేతికి రాసుకునే ఈస్ట్రోజన్ జెల్, రాత్రికి ప్రొజెస్టరాన్ గొట్టం మాత్ర. ఇది గర్భం రాకుండా ఆపే మందు కాదు, జాగ్రత్త అని కూడా చెప్పింది. ఈ వయసులో ఆ మాట చెబుతుంటే నాకు నవ్వొచ్చింది, ఆవిడకి రాలేదు.

కింద మందుల షాపులో జెల్ లేదన్నారు. ‘అదే హార్మోన్ మాత్రలో ఉంది మేడం, సేమ్, ఇది తీసుకోండి’ అన్నాడు కుర్రాడు. సేమ్ కాదు. మాత్ర మింగితే ముందు కాలేయం గుండా వెళుతుంది, అక్కడ రక్తం గడ్డకట్టించే పదార్థాలు పెరుగుతాయి. చర్మం మీద రాసుకుంటే నేరుగా రక్తంలోకి పోతుంది, ఆ ముప్పు తక్కువ. బీపీ కాస్త అంచులో ఉందని జెల్ రాసింది ఆవిడ. నేను పైకెళ్ళి మళ్ళీ అడిగి, జెల్ బయట షాపులో కొన్నాను. మీరూ డాక్టరుని అడగకుండా మార్చుకోవద్దు.

కొన్ని వారాలకి రాత్రులు బాగుపడ్డాయి. దడ చాలావరకు తగ్గింది. భుజం అయితే ఫిజియోథెరపీ అమ్మాయి గోడకి వేళ్ళతో ఎక్కించి ఎక్కించి సాధించింది, ఏడిపించిందనే చెప్పాలి. ఇప్పుడు రిజిస్టర్ అందుతోంది. కోపం తగ్గలేదు. అది హార్మోన్ కాదేమో, మా పోస్టాఫీసు కంప్యూటర్ సర్వర్ కావచ్చు.

ప్యాకేజీ సంగతి. డాక్టరమ్మ గదిలోంచి బయటికి రాగానే ఇంకో అమ్మాయి పట్టుకుంటుంది. 14,500. అందులో అరడజను హార్మోన్ల రక్తపరీక్షలు, సోయా గొట్టం మాత్రలు, ఒక పౌడర్ డబ్బా, డైట్ చార్టు, యోగా వీడియోలు. లోపల డాక్టరమ్మ నాకు హార్మోన్ల లెవెల్స్ అక్కర్లేదంది. 45 దాటి, నెలసరి తప్పుతూ, ఈ లక్షణాలన్నీ ఉంటే అదే రోగనిర్ధారణ, ఈ దశలో ఆ లెక్కలు ఈ వారం ఒకలా వచ్చే వారం ఒకలా ఉంటాయి. అదే ఆసుపత్రి బయట బల్ల దగ్గర వాటికే డబ్బు అడుగుతోంది. ఆ మాటే అడిగాను. ‘ఫుల్ పిక్చర్ వస్తుంది మేడం’ అంది పాపం. డైట్ చార్టులో అవకాడో, కినోవా రాశారు. పలాస సంతలో అవకాడో అడిగితే అప్పని ఎగాదిగా చూస్తారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలో వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. మా ఇంట్లో పుట్టినప్పట్నుంచి చోడి అంబలే. పౌడర్ డబ్బా ఎందుకో నాకు అర్థం కాలేదు, కొనలేదు. డి విటమిన్ మాత్రం అప్పకి బాగా తక్కువ ఉంది, అది మందుగా వాడాల్సిందే, ఎండలో నిలబడితే సరిపోదంది.

డాక్టరమ్మ మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. మతిమరుపు గురించి అడిగితే ‘అది కూడా ఇందులో భాగమే, తగ్గుతుంది’ అని దాటేసింది. కౌంటర్లో నిలబడి పాస్‌బుక్ అనే మాట గుర్తురాక తడుముకునేదానికి ఆ ఒక్క వాక్యం చాలదు. ఆవిరితోపాటు దిగులు కూడా వచ్చేవాళ్ళకి మానసిక వైద్యుల సాయం ఆ విభాగంలో లేదు, ఉండాలి.

ఖర్చు విషయానికొస్తే, డాక్టరు ఫీజు 900, స్కాన్ పైన చెప్పాను, నా జెల్ నెలకి వెయ్యి దాటుతుంది. జీడిపప్పు ఫ్యాక్టరీ కూలితో బతికేవాళ్ళకి ఇది తేలిక కాదు. అప్ప వారం మాత్ర మాత్రం చవకే. మీలో ఎవరికైనా గర్భసంచి ఆపరేషన్ అయి ఉంటే, ఇలాంటి చోటికి వెళ్ళేముందు పాత డిశ్చార్జి కాగితం వెతకండి. అది లేకపోతే స్కాన్ తీసి అండాశయాలు ఉన్నాయో లేవో చూస్తారు, ఇంకో ఖర్చు.

అప్పని ఎన్ని స్టార్లు ఇస్తావని అడిగాను. డాక్టరమ్మకి అయిదూ ఇచ్చింది. ఆ వారం మాత్ర ఉంది చూశారూ, పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగి, అరగంటసేపు నడుం వాల్చకుండా, ఏమీ తాగకుండా ఉండాలి, లేకపోతే గొంతుగొట్టం పాడవుతుంది. ఆదివారం పొద్దున్నే టీ లేకుండా అరగంట కూర్చోబెట్టినందుకు మందుల కంపెనీకి మాత్రం ఒక్క స్టార్ కూడా ఇవ్వనంది.